వంకర కర్రలు ఏరిన మనిషి

బల్లార్షాలో టేకు వేలం మొదలయ్యే ముందు వ్యాపారులందరూ డిపో షెడ్డు కింద నిలబడి ఆయన కోసం రెండు నిమిషాలు మౌనం పాటించారు. రెండు నిమిషాలని చెప్పారు గానీ అరనిమిషం కాకముందే ఎవరో దగ్గారు, ఇంకెవరో కుర్చీ లాగారు, వేలం వేసే అతను కాగితాలు విప్పాడు. అంతకు ముందు మా వ్యాపారుల పెద్దమనిషి ఒకాయన మరాఠీలో నాలుగు మాటలు మాట్లాడాడు. కర్రను పైనుంచి చూసి లోపలి గుణం చెప్పగల మనిషి పోయాడన్నాడు. పేరు చెప్పాల్సిన చోట ఆగి పక్కవాళ్ళ వైపు చూశాడు. పక్కవాళ్ళు నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే "ఆప్లా కాకా" అని ముగించేశాడు.

మన కాక. ముప్పై ఏళ్ళు ఆ డిపోలో తిరిగిన మనిషికి ఆ మాటతో సరిపెట్టారు. నేను కూడా ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. బతికుండగా ఆయనకు చేయవలసింది చేయని వాళ్ళం, ఇప్పుడు పేరు రాసి ఏదో ఇచ్చినట్టు కనిపించడం నాకు ఇష్టం లేదు.

వేలానికి ముందు కర్రను చూసుకోవడానికి వ్యాపారులను లోపలికి వదులుతారు. నిట్టనిలువుగా, లావుగా, ముడులు లేకుండా ఉన్న దుంగల దగ్గర నాగ్‌పూర్ వాళ్ళు, హైదరాబాదు వాళ్ళు గుమిగూడి ఉండేవాళ్ళు. కాక అటు వెళ్ళేవాడు కాదు. కంచె పక్కన, దాదాపు వంటచెరుకు కింద పోయే వంకర కర్రల మధ్య ఒక్కడే తిరిగేవాడు. భుజానికి ఇనప తీగల కట్ట వేలాడేది. ఒక్కో తీగ ఒక్కో రకంగా వంగి ఉండేది. ఒక తీగను తీసి దుంగకు ఆనించి చూసేవాడు, తల అడ్డంగా ఊపి ఇంకో దుంగ దగ్గరికి పోయేవాడు. ఒక్క తీగకు సరిపోయే కర్ర కోసం రెండు రోజులు తిరిగిన సందర్భాలు నాకు తెలుసు.

ఆ తీగలు నావ కొలతలు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక రేవు ఊళ్ళో నావలు కట్టే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నావ లోపల పక్కటెముకల్లా నిలబెట్టే కర్రలకు ఎంత వంపు కావాలో తీగతో వంచి, కొసకు అంకె వేసిన అట్టముక్క కట్టి, రైల్లో పార్సిల్ పంపేవాడు. నిలువు దూలాన్ని కోసి వంపు తెస్తే కర్రలోని నార తెగుతుంది, అల దెబ్బకు అక్కడే విరుగుతుంది. చెట్టు పెరిగేటప్పుడే వంగితే నార కూడా వంపు వెంటే పోతుంది. ఈ సంగతి నాకు చెప్పింది కాకే. చెప్పి, "అందరు నిట్టగున్నదాని ఎంబడి పడ్తరు. నిట్టగున్నది ఏరనీకె నేనెందుకు, కండ్లున్నోడు ఎవ్వడైనా ఏరుతడు" అన్నాడు.

తీగల కట్టను సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని బజారులోంచి పోతుంటే చాయ్ దుకాణం ముందు కూర్చున్నవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు, వాటిని ఎముకలని ఎగతాళి చేసేవాళ్ళు.

"కాకా, గివేం బొక్కలు?"

"సొరచాపవి. మీ అత్తకియ్యి, షోర్వ మంచిగైతది."

ఆయన సముద్రం చూడలేదు. సొరచేపను అంతకన్నా చూడలేదు. చంద్రపూర్ చేపల బజారులో ఏ చేపను చూసినా "సముద్రం మీదిదా, చెరువుదా?" అని అడిగేవాడు. చెరువుదంటే కొనకుండా ముందుకు పోయేవాడు. సముద్రానిదంటే నమ్మకుండా ముందుకు పోయేవాడు.

కర్రను వినడం ఆయన పని అని నేను చెబితే కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. కానీ అది పనే. నేను దుంగ ఒక కొసన గొడ్డలి వెనక వైపుతో కొట్టాలి. ఆయన రెండో కొసన మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాలి. విని, దుమ్ము దులుపుకుని లేచి ఒక మాట చెప్పేవాడు. "ఇది దగ్గుతున్నది" అంటే లోపల పగులుంది. "ఇది నిద్రపోతున్నది, లేపకు" అంటే ఇంకా పచ్చిగా ఉంది, ఏడాది ఆగాలి. ఏమీ అనకుండా జేబులోంచి సుద్దముక్క తీస్తే తీసుకోవచ్చని అర్థం. మా ఆరా మిషన్ రంపం మీద కోసి చూసినప్పుడు ఆ మాటలు తప్పిన గుర్తు నాకు లేదు.

కర్ర దుకాణం మా పెద్దన్నది, కాక దానికే కర్ర ఏరేవాడు. నేను అక్కడ కాగితాల పని చూసేవాణ్ణి. కాక లక్కడ్‌కోట్ అనే పల్లె మనిషి, మూడో తరగతి దాకా మరాఠీలో చదివాడు. తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు. మా అన్నకూ అంతే. నేను మంచిర్యాలలో అమ్మమ్మ దగ్గర ఉండి తెలుగు బడిలో చదివాను కనక రేవు మేస్త్రి రాసే ఉత్తరాలు నేనే చదవాలి, జవాబులు నేనే రాయాలి.

ఉత్తరం వచ్చిందంటే కాక రంపపు పొట్టు బస్తా మీద కూర్చునేవాడు. బీడీ వేళ్ళ మధ్య ఉండేది, అంటించేవాడు కాదు.

"నావ నీళ్ళల్ల దిగిందట్నా?"

"ఆగు కాకా, ఇంకా విప్పనే లేదు."

"కాయితం విప్పనీకె గింత సేపా. నీ తాన బియ్యం మూట ఇప్పుమంటే తెల్లారుతది."

రెండుసార్లు చదవాలి. మొదట గబగబా, తర్వాత నిదానంగా. ఒకసారి ఉత్తరంలో 'పోటు' అని ఉంటే, సముద్రం నీళ్ళు రోజూ పైకొచ్చి మళ్ళీ వెనక్కి పోతాయని వివరించబోయాను. కాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిన్ను అడిగిన్నా? ఆయన రాసింది సదువు. నీ మాటలు కలపకు."

"అర్థం కావాలి గదా."

"తెల్వనిది తెల్వనట్టే ఉండనీ. నేను పోయి చూస్త ఎన్నడన్న."

ఆ మాట మాత్రం వదల్లేదు. ఆదివారం బజారు జనంతో నిండితే "ఇయ్యాల పోటు మీదున్నది" అనేవాడు. మా అన్న కోపంగా ఉంటే దూరం నుంచే నాకు చెయ్యితో సైగ చేసి "పోటు" అనేవాడు.

నావ నీళ్ళలో దిగే రోజున దాని మీద చివరిసారి చెక్కినప్పుడు రాలిన పేళ్ళు కొన్ని తీసి, పసుపు రాసి, చిన్న గుడ్డలో కట్టి, కర్ర ఏరిన మనిషికి పంపడం ఆ మేస్త్రి ఇంటి ఆనవాయితీ. అవి వస్తే కాక చొక్కా ఎడమ జేబులో వేసుకుని పొడి అయ్యేదాకా ఉంచుకునేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ ఆ జేబు దగ్గర పసుపు మరక ఉండేది. డిపోలో కొత్తవాళ్ళు అది గుట్కా మరక అనుకునేవాళ్ళు. ఆయన దిద్దేవాడు కాదు.

తొంభైలు వచ్చేసరికి మా వ్యాపారం తీరు మారింది. మలేషియా నుంచి, ఆఫ్రికా నుంచి కర్ర దిగుతోందన్నారు. ఇళ్ళకు అల్యూమినియం కిటికీలు పెట్టడం మొదలైంది. నాగ్‌పూర్‌లో ప్లైవుడ్ షోరూములు వచ్చాయి. పక్క దుకాణం వాళ్ళు ఆరా మిషన్ అమ్మేసి డిష్ యాంటెన్నాలు పెట్టుకున్నారు. మా అన్నకు నమ్మకంగా మిగిలింది రేవు మేస్త్రి పని ఒక్కటే. వంకర కర్రకు పోటీ లేదు. కాక తప్ప దాన్ని ఏరగలవాళ్ళూ లేరు.

కాకకు ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. అల్లుడు ఆవర్‌పూర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ పనివాడు, వాళ్ళు అక్కడి కాలనీలో ఉండేవాళ్ళు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు, తండ్రి దగ్గర ఉంటే బాగుంటుందని, ఎవరెవరినో బతిమాలి ఆయనకు అక్కడే ఒక గోదాములో కాపలా పని చూసింది. ఉండటానికి గది కూడా ఇస్తామన్నారు. ఉగాదిలోపు వచ్చి చేరాలన్నారు. కాక ఆలోచిస్తానన్నాడు. నిజంగానే ఆలోచించాడు. "ఒక్కతుంటది ఇంట్ల, అల్లుడు షిప్టుకు పోతే" అని రెండు మూడుసార్లు నాతో అన్నాడు. తీగల కట్టను మా దుకాణం గోడకు తగిలించి, అప్పగించినట్టు దాని వైపు చూసిన రోజు కూడా ఉంది.

ఆ వారంలోనే రేవు నుంచి ఉత్తరం వచ్చింది. కాక ఇంకా రాలేదు. అన్న ఎదురుగా ఉన్నాడు కనక ముందు ఆయనకు చదివి వినిపించాను. పదహారు వంపులు కావాలని రాశాడు మేస్త్రి. ఆ తర్వాత ఇలా ఉంది: "ఇవి నావకు కాదండి. మా రేవులో చెక్క నావలు కట్టడం అయిపోయింది. హోటళ్ళవాళ్ళు నావ ఆకారంలో హాళ్ళు చేయించుకుంటున్నారు. వాటికోసం. మీ దగ్గర దాచడం పాపం కనక రాస్తున్నాను. మీకిష్టమైతేనే ఏరండి."

అన్న లేచి, కాక వస్తున్నాడేమో అని వాకిలి వైపు చూశాడు. తర్వాత, "గా ముక్క సదవకు" అన్నాడు.

"ఎట్ల సదవకుంట? రెండుసార్లు సదివిపిచ్చుకుంటడు."

"రెండుసార్లూ సదవకు. నావలు లేవంటే పొద్దుగాల్నే ఆవర్‌పూర్ బస్సెక్కుతడు. మల్ల పదహారు వంపులు నువ్వు ఏరుతవా? అబద్ధం చెప్పుమంటున్ననా నిన్ను? సదవకు అంటున్న. సీజన్ అయినంక నేనే చెప్త."

కాక సాయంత్రం వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. నేను చదివాను. మొదట గబగబా, తర్వాత నిదానంగా. పదహారు వంపుల దాకా చదివి, సంతకం దగ్గరికి దూకాను. ఆయన చెప్పినట్టే నా మాట ఒక్కటి కూడా కలపలేదు.

"పదహారా," అన్నాడు కాక. బీడీ అంటించాడు. "పదహారంటే పెద్దదే. గింత పెద్దది ఎన్నడు కట్టలే ఆయన."

రెండు రోజులకు కూతురు వచ్చింది. ఎనిమిదో నెల. బల్లార్షా దాకా బస్సులో వచ్చి, స్టాండు నుంచి నడిచి మా దుకాణానికి వచ్చింది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏంది నాయనా, రానని చెప్పి పంపినవట?"

"రాననలే. ఈ నావ ఒక్కటి కానీ."

"నావ ఎవలదో, నువ్వెవలో. గాడ గది తియ్యించి పెట్టిన. మీ అల్లుడు ఎంతమందితోని మాట పడ్డడో తెల్సునా నీకు? ఇప్పుడు రాకుంటే గా పని ఇంకోనికి ఇస్తరు."

"పదహారు వంపులే. ఏరకపోతే ఆగిపోతది. అన్నేండ్ల సంది నన్ను నమ్ముకున్నడు మేస్త్రి."

ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు సదివినవ్ గదా. గా పని గంత అర్జంటా? వేరేటోళ్ళు ఏరరా?"

అన్న లోపల ఉన్నాడు, వింటున్నాడని నాకు తెలుసు. "పదహారు అడిగిండమ్మా" అన్నాను. అది నిజం. నేను అన్నది అంతే.

ఆమె తండ్రి వైపు చూసి, "నాకంటె నీకు కర్రలే ఎక్కువ" అన్నది. అరవలేదు. కొంగు సవరించుకుని స్టాండు వైపు నడిచింది. కాక తోడు పోబోతే వద్దని చెయ్యి ఊపింది. కాన్పుకు కాక వెళ్ళాడట. వెళ్తే ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుందట. బిడ్డను చూసి, గడప దగ్గర కాసేపు కూర్చుని వచ్చేశానని ఆయనే నాకు చెప్పాడు. పదహారు వంపులూ ఆ సీజన్‌లో ఏరాడు. సీజన్ అయ్యాక అన్న చెప్పలేదు. నేనూ చెప్పలేదు. గోదాము పనిలో అప్పటికే వేరే మనిషి చేరాడు.

తర్వాత మళ్ళీ వంపులు అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. ఒకసారి చెప్పేశాను కదా అనుకున్నాడేమో, మేస్త్రి ఆ సంగతి మళ్ళీ రాయలేదు. కాక ఉత్తరం కవరును తిరగేసి దులిపేవాడు.

"పసుపు పేళ్ళు రాలేదేంది?"

"మరిచిపోయి ఉంటారు కాకా."

"గంత పెద్ద నావ దిగితే ఎట్ల మరుస్తరు?" అన్నాడు ఒకసారి. ఇంకోసారి, "దిగలేదేమో. నా కర్రల తప్పున్నదేమో. చెప్పనీకె మొగమాటపడుతున్నడేమో" అన్నాడు. నిద్ర సరిగ్గా పట్టడం లేదని కూడా అన్నాడు. ఆ చలికాలంలో, "నేను పోయి అడుగుత" అన్నాడు.

అన్న మొదట వద్దన్నాడు. ఆ ఊళ్ళో ఏముంది, చేపల కంపు తప్ప అన్నాడు. కాక వినకపోయేసరికి నన్ను పక్కకు పిలిచి, "నువ్వు తోడు పో. మేస్త్రితోని ముందుగాల నువ్వు మాట్లాడు. సముద్రం చూపిచ్చి తోల్కరా" అన్నాడు.

కాజీపేట దాకా, బెజవాడ దాకా, కాకినాడ దాకా, దారి పొడుగునా చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉండింది. కాక కిటికీ పక్కన కూర్చుని ఎదుటివాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడు. మీవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ అని ఒకావిడ అడిగితే, "ఉన్నయి, నావలు" అన్నాడు. మీది తెలుగేనా అని కూడా అడిగిందావిడ. "తెలుగే. జర నీళ్ళు తక్కువ" అన్నాడు. ఆవిడ నవ్వి అరటిపండు ఇచ్చింది.

ఆ రేవు ఊరు అందంగా ఉంది. అది రాయకపోతే అన్యాయం. ఏటి పాయ నెమ్మదిగా సముద్రం వైపు పోతుంటుంది. అవతలి ఒడ్డున మడ చెట్లు. పెంకుల కప్పులున్న పాత గిడ్డంగులు, సున్నం రాలిన దీపస్తంభం, దాని మీద కొంగలు. బస్సు దిగిన చోట కొత్త బోర్డు ఉంది. ఒకప్పుడు ఈ రేవు నుంచి తెరచాప ఓడలు బర్మాకు, సింహళానికి పోయేవని దాని మీద రాశారు. కింద సగం బోర్డు కూల్‌డ్రింకు ప్రకటన. కాక చదవమన్నాడు, చదివాను. పాయ వైపు చూశాడు. ఇనప బార్జీ ఒకటి, మోటారు పడవలు కొన్ని కట్టేసి ఉన్నాయి. తెరచాప ఏదీ లేదు. "తెరచాపలన్నీ అవతల దిక్కు పోయినయేమో" అన్నాడు.

మేస్త్రి మమ్మల్ని చూసి పరుగులాంటి నడకతో వచ్చాడు. కాక కన్నా పెద్దవాడు, సన్నటి మనిషి. చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళకి చూసేనండి మిమ్మల్ని. ఈ చెవేనా అండీ, కర్రలోది వినేది? మావోళ్ళకి చెప్తే నమ్మరండి."

ఆయనతో ముందుగా మాట్లాడే వీలు నాకు దొరకలేదు. గట్టిగా వెతుక్కోనూ లేదు. కాక అప్పటికే తాటాకు పాక కిందికి వెళ్ళాడు. అక్కడ ఆయన కర్రలు నిలబెట్టి ఉన్నాయి, చెక్కి, నునుపు చేసి, పాలిష్ పట్టి. ఒక్కొక్కదాని దగ్గర ఆగాడు. "ఇది సిరొంచ అడివిది. ఇది రెండేండ్లు ఆగినంక తెచ్చినది." చుట్టూ తిరిగి వచ్చి, "అడుగు దూలమేది?" అని అడిగాడు. "దూలం లేకుంట వీటిని దేనికి బిగిస్తవు?"

మేస్త్రి నా వైపు చూశాడు. తర్వాత కాక వైపు చూశాడు.

"రాసేను కదండీ. పోయినేడు, పదహారు వంపులు అడిగిన ఉత్తరంలోనే రాసేను. నావలు మానేసేం, ఇవి హోటళ్ళకి అని. మీకు దాచకూడదని వివరంగా రాసేనండి."

కాక నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ క్షణాన్ని తలచుకున్నాను. చూస్తే బాగుండేది. ఒక వంపు కర్ర మీద చెయ్యి వేసి, దాని వైపే చూస్తూ అన్నాడు: "అవు. రాసిన్రు. ఈయన సదివిండు. నేనే మర్చిపోయిన. వయసైంది గద."

"అయ్యో, దాందేముందండి," అన్నాడు మేస్త్రి. ఆయన నమ్మాడో లేదో నాకు తెలియదు. కాఫీ తెప్పించాడు. ఇనప బార్జీలు వచ్చాక చెక్క నావ ఎవరు కట్టించుకుంటారన్నాడు. చేపలవాళ్ళు ఫైబర్ పడవలకు పోయారన్నాడు. తన కొడుకులు ఈ హోటల్ పని పట్టుకొచ్చారని, లేకపోతే పాక ఎప్పుడో పీకేసేవాళ్ళమని అన్నాడు. మూడు హాళ్ళు హైదరాబాదు వెళ్ళాయి, ఒకటి ఇక్కడే ఉంది, చూస్తారా అన్నాడు. కాక చూస్తానన్నాడు.

పాయ ఒడ్డునే కొత్త హోటల్. భోజనాల హాలు నావలా ఉంది. గోడ పొడుగునా పదహారు వంపు కర్రలు పైకి లేచి కప్పు దగ్గర కలుస్తున్నాయి. కింద బల్లలు, తెల్ల గుడ్డలు, గోడకు తగిలించిన కొత్త తాళ్ళు, కొత్త చుక్కాని. కాక ఒక కర్ర దగ్గరికి పోయి వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. వెయిటర్ వచ్చాడు.

"ముట్టుకోకూడదండి, పాలిష్ పోద్ది."

"బిడ్డా, వాన నీళ్ళన్న పడ్తయా దీని మీద?"

"పైన స్లాబుంది కదండి. చుక్క పడదు."

కాక తల ఊపాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఫోటో తీసుకుంటోంది. "పెద్దాయనా, కొంచెం పక్కకు జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు" అన్నాడు కెమెరా పట్టుకున్నతను, మర్యాదగానే. కాక జరిగాడు. ఇంకొంచెం అంటే ఇంకొంచెం జరిగాడు. అలా జరిగి జరిగి తలుపు బయటికి వచ్చేశాడు.

మేస్త్రి బాధపడి, ఇంత దూరం వచ్చారు, సముద్రం మీదికి తీసుకెళ్తానని తెలిసినవాళ్ళ పడవ ఎక్కించాడు. ఫైబర్ పడవ. మడ చెట్లు దాటాక నీళ్ళు వెడల్పయ్యాయి. అందరూ అటు చూస్తుంటే కాక పడవ అంచును గోటితో కొట్టి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. "ఇదేం చెప్తలేదు" అన్నాడు నాతో. పాకలోంచి బయటికొచ్చాక ఆ ఊరు దాటేదాకా నాతో అన్న మాట అదొక్కటే.

తిరుగు రైల్లో పెద్దపల్లి దాటాక అడిగాడు.

"గా ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

"ఉగాది ముందు."

"బిడ్డ వచ్చిన వారమేనా?"

"అవు కాకా. అన్న చెప్పిండు, అందుకే..."

"అన్న ముచ్చట అడగలే," అన్నాడు. బల్లార్షాలో దిగి, తన సంచి తనే పట్టుకుని, లక్కడ్‌కోట్ బస్సు ఉందో లేదో చూసుకోవడానికి వెళ్ళాడు.

మా దుకాణానికి మళ్ళీ రాలేదు. "గింత దానికి అలిగిండా?" అన్నాడు అన్న. తర్వాత సీజన్‌లో వేరే వ్యాపారికి రోజు కూలి మీద కర్ర ఏరుతూ కనిపించాడు. నిట్ట కర్రల వైపు, జనం మధ్యలో. చెవి ఆనించడం లేదు. చూడటం, సుద్ద గీత గీయడం, ముందుకు పోవడం. "మీ కాకకు చెవులు పోయినయా?" అని ఒక గుమాస్తా నన్ను అడిగాడు. తెలియదన్నాను.

ఒకసారి లక్కడ్‌కోట్ వెళ్ళాను. చాయ్ పెట్టించాడు, పత్తి గురించి, వానల గురించి మాట్లాడాడు. నేను మొదలుపెట్టబోతే, "గా ముచ్చట వద్దు చిన్నసేఠు" అన్నాడు. నేను ఆపేశాను. ఆ వద్దన్న మాటకు నాకు ఊరట కలిగింది. నేను చేసిన వాటిలో ఉత్తరం దాచడం కన్నా ఆ ఊరట నన్ను ఎక్కువ సిగ్గుపెడుతుంది.

రేవుకు వెళ్ళొచ్చిన ఆరేళ్ళకు ఆయన పోయాడు. జ్వరం, మూడు రోజులు. డిపోలో ఆ మౌనం అయిన మర్నాడు పదో రోజు కర్మకు లక్కడ్‌కోట్ వెళ్ళాను. భోజనాలు అయ్యాయి. కూతురు ఇంటి వెనక బిందెలు బోర్లిస్తోంది. నన్ను చూసి పీట వేసింది. చెప్పాను. ఉత్తరం, అన్న అన్న మాట, నేను దూకేసిన వాక్యాలు, రేవు ఊళ్ళో ఆయన నన్ను కాపాడిన తీరు, అన్నీ వరసగా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాలేదు. చేతిలో ఉన్న బిందెను కింద పెట్టింది.

"నాయనకు తెల్సి ఎన్నేండ్లు?"

"ఆరేండ్లు."

"ఆరేండ్లు," అన్నది. "ఒక్కసారన్న చెప్పలే. ఎందుకు చెప్పలే?"

"నాకు తెలవదమ్మా."

"చెప్తే నేను మీ దుకాణం ముంగట నిలబడి అడుగుదు గద. అందుకే చెప్పలే." కింద పెట్టిన బిందెను బోర్లించింది. "నేను ఆయనతోని మాట్లాడలే అన్నా. పండుగలకు రాలే. పోరగాని పుట్టు వెంట్రుకలకు పిలవలే. జరమొచ్చిందని కబురొస్తె, రేపు పోదాం తియ్ అన్న. రేపు పొద్దుగాల్నే పోయిండు."

లోపలి నుంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తున్న అని లేచింది. చీర కుచ్చెళ్ళకు తడి అంటింది, దాన్ని పిండుకుంటూ నా వైపు చూడకుండానే అడిగింది.

"కాలనీల ఇంటింటికి చెప్పిన, మా నాయనకు బిడ్డకంటె కర్రలే ఎక్కువ అని. ఇప్పుడు వాళ్ళందరికి పోయి ఏం చెప్పాలె?"